కాలిబ్రేషన్‌కి వెళ్లే ఆసిలోస్కోప్ వెంట ఇంకా ఏమేం వెళ్తాయి?

క్లుప్తంగా: ఆసిలోస్కోప్ (సిగ్నల్ కాలంతో ఎలా మారుతుందో చూపేది), స్పెక్ట్రమ్ ఎనలైజర్ (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీలున్నాయో చూపేది), సిగ్నల్ జనరేటర్ (పరీక్షకు సిగ్నల్ పుట్టించేది) లాంటి ల్యాబ్ పరికరాలు ఇప్పుడు లోపల పూర్తి కంప్యూటర్లే. కొలిచిన డేటా వాటిలో ఒక్కచోట ఉండదు, నాలుగైదు రకాల మెమరీల్లో చెల్లాచెదురుగా ఉంటుంది. అందులో కొంత కరెంటు తీసేసినా పోదు. డిలీట్ కొట్టాం కదా, రీసెట్ చేశాం కదా అని ధీమాగా ఉంటే డేటా అక్కడే మిగిలిపోతుంది. అలాగని అన్నీ తుడిచేస్తే కాలిబ్రేషన్ విలువలు (సరైన అంకె చూపించేలా చేసే సవరణలు) పోయి లక్షల ఖరీదు చేసే పరికరం పక్కన పెట్టాల్సి రావచ్చు. ఏ చిప్‌లో ఏముందో చెప్పే డాక్యుమెంట్ ఒకటి తయారీ కంపెనీల దగ్గర ఉంటుంది, దాన్ని కొనేటప్పుడే అడిగి తీసుకోవాలి.

గేట్ పాస్‌లో లేని కాలమ్

చాలా ల్యాబ్‌ల నుంచి ఏడాదికోసారి పరికరాలు బయటికి వెళ్తాయి. స్టిక్కర్ మీద కాలిబ్రేషన్ (సరిగ్గా కొలుస్తుందో లేదో ప్రమాణంతో పోల్చి చూడటం) గడువు దగ్గరపడగానే స్టోర్స్‌లో గేట్ పాస్ రాస్తారు. మోడల్ నంబర్, సీరియల్ నంబర్, ప్రోబ్‌లు ఎన్ని, పవర్ కార్డ్ ఉందా లేదా, అన్నీ లెక్కపెట్టి మరీ రాస్తారు. లోపల ఏ ఫైళ్లున్నాయో రాయడానికి మాత్రం ఆ కాగితంలో కాలమ్ ఉండదు.

అవతల కాలిబ్రేషన్ ల్యాబ్‌లో టెక్నీషియన్ ప్లగ్ పెట్టి ఆన్ చేస్తాడు. చాలా స్పెక్ట్రమ్ ఎనలైజర్లలో ఆఖరిసారి వాడిన సెటప్పే తెరమీదికి వచ్చేలా పెట్టుకునే సౌకర్యం ఉంటుంది, చాలామంది అలాగే పెట్టుకుంటారు కూడా. దాంతో సెంటర్ ఫ్రీక్వెన్సీ ఎంతో, స్పాన్ (చూస్తున్న ఫ్రీక్వెన్సీల వెడల్పు) ఎంతో, మార్కర్ ఎక్కడ పెట్టారో అన్నీ అలాగే కనిపిస్తాయి. రీకాల్ నొక్కితే సేవ్ చేసిన సెటప్‌ల పేర్లు వరసగా వస్తాయి, వాటిలో ప్రాజెక్ట్ పేరుతోనే పెట్టినవి నాలుగైదు ఉంటాయి. ఇందులో హ్యాకింగ్ ఏమీ లేదు, ఎవరూ దొంగతనం చేయలేదు. పరికరం తన పని తాను చేసిందంతే.

వాడేవాళ్లు ఈ విషయం ఎందుకు పట్టించుకోరంటే, మనసులో ఉన్న బొమ్మ పాతది. పాత అనలాగ్ స్కోప్‌లో ఎలక్ట్రాన్ బీమ్ తెరమీద గీత గీసేది, సిగ్నల్ ఆగితే గీత పోయేది, గుర్తుపెట్టుకునే అవసరమే దానికి లేదు. డిజిటల్ స్కోప్ వచ్చాక గీత అనేది లేదు, ముందు శాంపిళ్లుగా మార్చి మెమరీలో రాసుకున్నాకే తెరమీద చూపిస్తుంది. అంటే కొలవడమంటేనే దాచుకోవడం. లెక్క చూస్తే, సెకనుకు 100 కోట్ల శాంపిళ్లు తీసుకునే స్కోప్‌లో 10 కోట్ల పాయింట్ల మెమరీ ఉంటే ఒక్కసారి ట్రిగ్గర్ (సిగ్నల్‌ను ఎప్పుడు పట్టుకోవాలో చెప్పే సంకేతం) పడగానే 0.1 సెకను పాటు ఆ వైరు మీద జరిగిందంతా లోపల ఉన్నట్టే. ఒక సీరియల్ బస్ మీద ఆ వ్యవధిలో పోయే కమాండ్‌లు, జవాబులు డీకోడ్ చేసుకుని చదువుకోవచ్చు.

లోపల మెమరీలు ఎన్ని, ఎక్కడెక్కడ

ఒక మధ్యతరహా స్కోప్ కవర్ విప్పితే మెమరీ అని చెప్పుకోదగ్గవి కనీసం నాలుగు చోట్ల కనిపిస్తాయి, ఒక్కోదాని స్వభావం ఒక్కో రకం.

ముందుగా డీర్యామ్. శాంపిళ్లు వచ్చి పడేది, ప్రాసెసర్ పని చేసుకునేది ఇందులోనే. ఇది కరెంటు ఉన్నంతసేపే పట్టి ఉంచుతుంది కాబట్టి కంపెనీల డాక్యుమెంట్లలో దీనికి పవర్ తీసేస్తే సరిపోతుందని రాస్తారు. అది నిజమే, కానీ రెండు షరతులున్నాయి. మొదటిది, ముందు ప్యానెల్ మీదున్న బటన్ చాలా మోడళ్లలో అసలైన స్విచ్ కాదు, స్టాండ్‌బైలో పెట్టేది మాత్రమే. లోపల కొంత భాగానికి కరెంటు అందుతూనే ఉంటుంది (ఫ్రీక్వెన్సీని నిలకడగా ఉంచే క్రిస్టల్ ఓవెన్ వేడిగా ఉండాలని కొన్ని పరికరాల్లో కావాలనే అలా పెడతారు), కాబట్టి గోడ దగ్గర ప్లగ్ పీకాలి. రెండోది, పీకిన మరుక్షణమే డీర్యామ్ ఖాళీ అయిపోదు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో చూపించింది ఇదే, మామూలు వేడిలో కొన్ని సెకన్లపాటు, చిప్‌ను బాగా చల్లబరిస్తే నిమిషాలపాటు అందులోని బిట్‌లు నిలబడ్డాయి. ల్యాబ్‌లో ఇంత దూరం ఆలోచించాల్సిన పని ఎప్పుడో గానీ రాదు. ప్లగ్ పీకి కొన్ని నిమిషాలు ఆగితే దీని సంగతి తీరిపోతుంది.

తర్వాత బ్యాటరీ వెనకున్న ఎస్‌ర్యామ్. స్వభావానికి ఇది కూడా కరెంటు పోతే మర్చిపోయేదే, కానీ పక్కన చిన్న లిథియం సెల్ పెట్టి బతికిస్తారు. పాత పరికరాల్లో సెటప్‌లు, కాలిబ్రేషన్ విలువలు ఉండేది దీంట్లోనే. ప్లగ్ పీకి పదేళ్లు అటక మీద పడేసినా డేటా అలాగే ఉండొచ్చు.

మూడోది ఈఈప్రామ్, చిన్న ఫ్లాష్ చిప్‌లు. సీరియల్ నంబర్, కాలిబ్రేషన్ స్థిరాంకాలు, కొనుక్కున్న ఆప్షన్ల లైసెన్సులు, ఐపీ అడ్రస్ లాంటివి వీటిలో ఉంటాయి. బోర్డుకొకటి ఉన్నా ఆశ్చర్యం లేదు, ఇన్‌పుట్ బోర్డుకు తన సవరణ విలువలు తన మీదే ఉంటేనే బోర్డు మార్చినా లెక్క తప్పదు కదా.

నాలుగోది పెద్ద స్టోరేజ్, అంటే హార్డ్ డిస్క్, ఎస్ఎస్‌డీ, మెమరీ కార్డ్ లేదా బోర్డుకే అతికించిన ఫ్లాష్. ఆపరేటింగ్ సిస్టమ్, స్క్రీన్‌షాట్లు, వేవ్‌ఫామ్ ఫైళ్లు, సీఎస్‌వీలు, లాగ్‌లు అన్నీ ఇక్కడే. ఎక్కువ తలనొప్పి ఇక్కడే.

ఏం బయటపడుతుంది?

పాస్‌వర్డ్‌లు, బ్యాంకు నంబర్లు ఏమీ ఉండవు కదా, కొన్ని అంకెలు పోతే ఏమవుతుందని చాలామంది అనుకుంటారు. ఈ రంగంలో రహస్యం అంకెల్లోనే ఉంటుంది. రాడార్ మీద పనిచేసే ల్యాబ్‌లో సిగ్నల్ జనరేటర్‌లో సేవ్ అయిన లిస్ట్ స్వీప్ టేబుల్ అంటే ఆ రాడార్ ఏ ఫ్రీక్వెన్సీల మధ్య గెంతుతుందో చెప్పే పట్టిక. పల్స్ వెడల్పు, పల్స్‌కీ పల్స్‌కీ మధ్య వ్యవధి తెలిస్తే దాన్ని జామ్ చేయాలనుకునే వాడికి సగం పని అయిపోయినట్టే. ఆర్బిట్రరీ వేవ్‌ఫామ్ జనరేటర్‌లో ఫైల్ ఉందంటే సిగ్నలే ఉంది, దాన్ని మళ్లీ ప్లే చేయొచ్చు.

రక్షణ రంగమే అక్కర్లేదు. కొత్త ఫోన్ చార్జర్ తయారు చేసే కంపెనీకి లిమిట్ లైన్లు, మాస్క్ టెస్టులు (సిగ్నల్ దాటకూడని హద్దులు, వాటితో పోల్చే పరీక్షలు), పాస్/ఫెయిల్ లెక్కలు పోటీదారు చేతికి వెళ్తే, ఎంత మార్జిన్‌తో డిజైన్ చేశారో, ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో అర్థమైపోతుంది. వీటికి తోడు నెట్‌వర్క్ వివరాలు. పరికరం ఫైళ్లను షేర్డ్ ఫోల్డర్‌కి పంపేలా సెట్ చేసి ఉంటే ఆ ఫోల్డర్ అడ్రస్, యూజర్ పేరు, ఒక్కోసారి పాస్‌వర్డ్ కూడా లోపల సేవ్ అయి ఉంటాయి. విండోస్ ఉన్నదైతే ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితా, ఎప్పుడెప్పుడు ఏ పెన్‌డ్రైవ్ పెట్టారో చెప్పే లాగ్‌లు కూడా.

మరచిపోయిన స్టోరేజ్ ఎంత దూరం తీసుకెళ్తుందో వేరే యంత్రాల అనుభవం చెబుతుంది. ఆఫీసు ఫొటోకాపీ మెషీన్లలో హార్డ్ డిస్క్ ఉంటుందన్న సంగతి అమెరికాలో 2010లో ఒక టీవీ కథనంతో అందరికీ తెలిసింది. లీజు ముగిసి వెనక్కిచ్చేసిన మెషీన్లలో రోగుల రికార్డులు దొరికాయి. ఆ డిస్కులను చెరపకుండా తిరిగిచ్చినందుకు ఒక హెల్త్ ప్లాన్ సంస్థ 2013లో 12 లక్షల డాలర్లకు పైగా చెల్లించి కేసు రాజీ చేసుకోవాల్సి వచ్చింది. ఫొటోకాపీ మెషీన్‌ని ఎవరూ కంప్యూటర్‌గా చూడలేదు, కాబట్టి కంప్యూటర్‌కి వర్తించే నియమాలేవీ దాని దాకా రాలేదు. ల్యాబ్ పరికరాలది చాలాచోట్ల ఇప్పటికీ అదే పరిస్థితి. ఐటీ విభాగం రిజిస్టర్‌లో ల్యాప్‌టాప్‌లు, సర్వర్లు ఉంటాయి. స్కోప్ మాత్రం స్టోర్స్ రిజిస్టర్‌లో మీటర్ల పక్కన ఉంటుంది.

డిలీట్ కొట్టినా ఎందుకు పోదు

రీసెట్‌తో మొదలుపెడదాం. దాదాపు అన్ని పరికరాలకూ ఉండే ఆర్ఎస్‌టీ కమాండ్ చేసేది సెట్టింగులను మొదటి స్థితికి తేవడం మాత్రమే. సేవ్ చేసిన సెటప్‌లను, కాలిబ్రేషన్ డేటాను అది ముట్టుకోకూడదని పరికరాల కమాండ్‌లకు సంబంధించిన ఐఈఈఈ 488.2 ప్రమాణమే చెబుతోంది. తెర శుభ్రంగా కనబడుతుంది, అంతే.

ఫైల్ డిలీట్ చేయడం ఇంకో మెట్టు. అప్పుడు పోయేది పేరు, ఆ చోటు ఖాళీ అని పెట్టే గుర్తు మారుతుంది, లోపలి బిట్‌లు వేరే ఫైల్ వచ్చి పడేదాకా అలాగే ఉంటాయి. పాత హార్డ్ డిస్కులకైతే దీనికి తేలికైన మందు ఉంది, మీద సున్నాలు రాయడమే. ఏ సెక్టార్ మీద రాయమంటే అక్కడే రాస్తుంది కాబట్టి పాతది పోతుంది.

ఎస్ఎస్‌డీ, మెమరీ కార్డ్, పెన్‌డ్రైవ్ దగ్గర ఈ మందు పారదు. వీటిలో ఉండే నాండ్ ఫ్లాష్‌లో ఒక పేజీ మీద నేరుగా తిరగరాయడం కుదరదు, పెద్ద బ్లాక్‌ను మొత్తం చెరిపాకే మళ్లీ రాయాలి, అదీ ఒక్కో బ్లాక్‌కి ఇన్నిసార్లే అని ఆయుష్షు ఉంటుంది. అందుకని లోపలి కంట్రోలర్ కొత్త డేటాను వేరే ఖాళీ చోట రాసి, ఈ అడ్రస్ ఇప్పుడు ఇక్కడుందని తన పట్టికలో మార్చుకుంటుంది. అంటే 'ఈ ఫైల్ మీద సున్నాలు రాయి' అంటే కంట్రోలర్ సున్నాలను వేరేచోట రాస్తుంది, పాత ఫైల్ పాతచోటే ఉంటుంది, బయటి నుంచి మనకు కనబడదు. పైగా చిప్‌ల అసలు కెపాసిటీ మీద రాసిన దానికంటే ఎక్కువ ఉంటుంది, ఆ అదనపు చోటుకి ఆపరేటింగ్ సిస్టమ్ చేరుకోలేదు. చెడిపోయినవని పక్కన పెట్టిన బ్లాక్‌లూ అంతే. చిప్‌ను విప్పి నేరుగా చదివేవాడికి మాత్రం అన్నీ కనిపిస్తాయి.

దీన్ని కొలిచి చూపించింది శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు, 2011లో. ఒక్కో ఫైల్‌ను విడిగా తిరగరాసే పద్ధతులను ఎస్ఎస్‌డీల మీద ప్రయత్నిస్తే, పద్ధతిని బట్టి 4 నుంచి 75 శాతం దాకా డేటా చిప్‌లలో మిగిలే ఉంది. డ్రైవ్‌లోనే ఉండే సెక్యూర్ ఎరేజ్ కమాండ్ పరిస్థితీ అప్పట్లో అంతంతమాత్రమే, పూర్తయిందని జవాబిచ్చి అసలేమీ చెరపని డ్రైవ్ ఒకటి వాళ్లకు దొరికింది. తర్వాత డ్రైవ్‌లు మెరుగుపడ్డాయి, కానీ కమాండ్‌కి వచ్చిన జవాబును గుడ్డిగా నమ్మకూడదన్న పాఠం అప్పటిదే.

ఇంకా చాలామంది నోట వినబడే మాట 'డీఓడీ మూడు పాస్‌లు' అని, అంటే మూడుసార్లు తిరగరాయడం. అమెరికా రక్షణ శాఖ మాన్యువల్ 5220.22-ఎం నుంచి వచ్చిందది, 1990ల నాటి మాట, అయస్కాంత డిస్కులను దృష్టిలో పెట్టుకున్నది. 2006 ఎడిషన్‌కే ఆ మాన్యువల్‌లో చెరిపే పద్ధతుల పట్టిక లేదు. 2021లో ఆ మాన్యువల్ స్థానంలో ఫెడరల్ నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు ఎక్కువగా అనుసరించేది అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ ఇచ్చిన 800-88 మార్గదర్శకం, దీని మొదటి సవరణ 2014లో, రెండోది 2025లో వచ్చాయి. ఇది చెరపడాన్ని మూడు స్థాయిలుగా చూస్తుంది. మామూలు సాఫ్ట్‌వేర్‌తో తిరిగి రాబట్టలేకుండా చేయడం ఒకటి, ప్రయోగశాల స్థాయి ప్రయత్నానికి కూడా దొరక్కుండా చేయడం రెండోది, చిప్‌నే ముక్కలు చేయడం మూడోది. ఏ స్థాయి కావాలన్నది డేటా ఎంత సున్నితమైనది, ఆ పరికరం సంస్థ చేతుల్లోనే ఉంటుందా బయటికి పోతుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎన్నిసార్లు తిరగరాశామన్న లెక్క కంటే ఏ రకం మెమరీ మీద రాశామన్నదే ముఖ్యం.

చిన్న ఈఈప్రామ్‌లకు ఈ బాధ లేదు. మధ్యలో కంట్రోలర్ ఉండదు, ఏ అడ్రస్‌కి రాస్తే అక్కడే పడుతుంది, ఒక్కసారి తిరగరాస్తే చాలు. అక్కడున్న చిక్కు వేరే.

తుడిచేయకూడనివి కూడా అక్కడే ఉన్నాయి

లక్ష రూపాయల ల్యాప్‌టాప్‌ని వదిలించుకునేటప్పుడు డిస్కు తీసి పగలగొట్టొచ్చు. కొలిచే పరికరం విషయంలో అది కుదరదు, ఎందుకంటే దాని విలువ ఉన్నదే కాలిబ్రేషన్‌లో. లోపలున్న రెసిస్టర్లు, యాంప్లిఫయర్లు ఏవీ ఖచ్చితంగా ఉండవు, ఒక్కోటి ఎంత తప్పు చూపిస్తుందో ఫ్యాక్టరీలో కొలిచి ఆ సవరణ విలువలను మెమరీలో రాస్తారు. ఆ విలువలు పోతే మిగిలేది డబ్బా, దానికి ఏదో ఒక అంకె చూపించడం వస్తుంది, సరైన అంకె చూపించడం రాదు.

పాత పరికరాలు వాడేవాళ్లకు ఇది బాగా అనుభవంలో ఉన్న విషయం. హ్యూలెట్-ప్యాకర్డ్ 3458ఏ మల్టీమీటర్ ఎనిమిదిన్నర అంకెల దాకా చూపిస్తుంది, ప్రపంచవ్యాప్తంగా ప్రమాణ ప్రయోగశాలలు దశాబ్దాలుగా దాన్ని వాడుతున్నాయి. దాని కాలిబ్రేషన్ విలువలు లోపల బ్యాటరీ ఉన్న డాలస్ కంపెనీ మెమరీ మాడ్యూల్‌లో ఉండేవి. ఆ మాడ్యూల్ నల్లటి ప్లాస్టిక్ ముద్ద, బ్యాటరీని విడిగా మార్చడానికి వీల్లేకుండా లోపలే పోతపోసి ఉంటుంది, కంపెనీ హామీ ఇచ్చే ఆయుష్షు 10 ఏళ్లు. టెక్‌ట్రానిక్స్ 2465బి స్కోప్‌లోనూ తర్వాతి రోజుల్లో వచ్చిన యూనిట్లలో ఇలాంటి మాడ్యూలే. బ్యాటరీ చచ్చేలోపు ఆ చిప్‌లోని డేటాను చదివి కాపీ పెట్టుకుని కొత్త చిప్‌లో రాసి బిగించాలి. ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి కాలిబ్రేషన్, అది దొరికే చోటు తక్కువ, ఖర్చు ఎక్కువ.

లైసెన్సుల సంగతీ అంతే. బ్యాండ్‌విడ్త్ పెంచే ఆప్షన్, డీకోడ్ ఆప్షన్ అంటూ డబ్బులిచ్చి కొన్న కీలు చాలా మోడళ్లలో అదే నాన్-వోలటైల్ (కరెంటు పోయినా చెరగని) మెమరీలో ఉంటాయి.

కాబట్టి సెక్యూరిటీ విభాగం అన్నీ చెరపమంటుంది, క్వాలిటీ విభాగం కాలిబ్రేషన్‌ను ముట్టుకోవద్దంటుంది, ఇద్దరి మాటా సబబే. కొత్త పరికరాల్లో తయారీదారులు ఈ రెండింటినీ విడదీస్తున్నారు. ఉదాహరణకు కీసైట్ కంపెనీ 34461ఏ మల్టీమీటర్‌లో ఒక సెక్యూరిటీ కమాండ్ ఉంది, అది యూజర్‌కి సంబంధించినదంతా తుడిచి, కాలిబ్రేషన్ స్థిరాంకాలను వదిలేస్తుంది. అదే కంపెనీ సిగ్నల్ జనరేటర్లు కొన్నింటిలో ఎరేజ్, ఓవర్‌రైట్, శానిటైజ్ అని మూడు మెట్లుంటాయి. టెక్‌ట్రానిక్స్ స్కోప్‌లలో టెక్‌సెక్యూర్ పేరుతో సెటప్‌లను, రిఫరెన్స్ వేవ్‌ఫామ్‌లను చెరిపే మెనూ ఉంటుంది. పేర్లు దగ్గరగా ఉన్నా చేసే పని కంపెనీ కంపెనీకీ, మోడల్ మోడల్‌కీ మారుతుంది. ఒకచోట సరిపోయింది కదా అని ఇంకోచోట అదే బటన్ నొక్కి ఊరుకుంటే డేటా మిగిలిపోతుంది.

వోలటిలిటీ లెటర్ ఎలా చదవాలి

ఏ చిప్‌లో ఏముందో చెప్పే డాక్యుమెంట్ అని మొదట్లో అన్నది దీన్నే. వోలటిలిటీ అంటే కరెంటు పోతే డేటా పోయే స్వభావం. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, లెటర్ ఆఫ్ వోలటిలిటీ అనీ, ఇన్‌స్ట్రుమెంట్ సెక్యూరిటీ గైడ్ అనీ, డీక్లాసిఫికేషన్ సూచనలనీ. లోపల ముఖ్యమైనది ఒక పట్టిక. వరసకొక మెమరీ, ఎంత సైజు, బోర్డు మీద ఎక్కడుంది, కరెంటు పోతే ఉంటుందా పోతుందా, యూజర్ డేటా చేరుతుందా, చేరితే ఏ మార్గంలో, చెరపడం ఎలా, ఇవీ కాలమ్‌లు.

చదివేటప్పుడు అన్ని వరసలూ చూడక్కర్లేదు. కరెంటు పోయినా నిలిచేవి, అందులో యూజర్ డేటా చేరేవి, ఈ రెండూ ఉన్న వరసలే పట్టుకోవాలి. ఉదాహరణకు ఒక వరసలో 'బూట్ ఫ్లాష్, యూజర్ రాయలేడు' అని ఉంటే దాని గురించి టెన్షన్ అక్కర్లేదు, ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసినప్పుడే అది మారుతుంది. 'ఈఈప్రామ్, కాలిబ్రేషన్ విలువలు, సర్వీస్ సెంటర్ మాత్రమే రాస్తుంది' అంటే అదీ ఫర్వాలేదు, దాన్ని చెరపకూడదు కూడా. 'ఫ్లాష్, సెటప్‌లు, వేవ్‌ఫామ్‌లు, చెరిపే విధానం: ఫైల్ మెనూ నుంచి డిలీట్' అని ఉన్న వరస దగ్గర మాత్రం ఆగాలి. డిలీట్‌కి, నిజంగా చెరపడానికి తేడా పైన చూసిందే. చెరిపే విధానం కాలమ్‌లో 'చిప్ తీసి నాశనం చేయండి' అని ఉంటే, రహస్య డేటా తగిలాక ఆ పరికరం పాత రూపంలో బయటికి వెళ్లదని ముందే తెలుసుకున్నట్టు.

ఈ కాగితం ఆర్డర్ పెట్టకముందు ఉంటే మోడల్ ఎంపికే మారొచ్చు. వాడి ఐదేళ్లయ్యాక, రిపేర్‌కి పంపే ముందు రోజు వెతికితే ఎంచుకోవడానికి ఏమీ మిగలదు.

లోపల విండోస్ ఉన్నప్పుడు

డేటా బయటికి పోవడం ఒక వైపు, బయటివి లోపలికి రావడం ఇంకో వైపు. ఖరీదైన స్కోప్‌లు, ఎనలైజర్లు చాలావరకు విండోస్ మీద నడుస్తాయి. పరికరం ఆయుష్షు 15, 20 ఏళ్లు, ఆపరేటింగ్ సిస్టమ్ ఆయుష్షు అంతుండదు. ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న, మామూలు విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న ముగిసింది. పరికరాల్లో వాడే దీర్ఘకాలపు ఎడిషన్లకు గడువు ఎక్కువ, విండోస్ 10 ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ 2021 ఎడిషన్‌కి 2032 జనవరి దాకా ఉంది. కాబట్టి పరికరంలో విండోస్ 10 అని కనబడగానే గడువు తీరిందనీ, తీరలేదనీ అనలేం, ఏ ఎడిషనో చూడాలి. ఎక్స్‌పీ, 7 ఉన్న పరికరాలు ఇప్పటికీ చాలా బెంచీల మీద చక్కగా కొలుస్తూ ఉన్నాయి. కొలతలో లోపం లేదు కాబట్టి మార్చడానికి ఎవరూ డబ్బు మంజూరు చేయరు.

2018 ఆగస్టులో తైవాన్ చిప్ తయారీ సంస్థ టీఎస్ఎంసీలో జరిగింది ఈ కోవలోదే. ఫ్యాక్టరీలోకి కొత్త యంత్రం తెచ్చి, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వైరస్ స్కాన్ చేయకుండా నెట్‌వర్క్‌కి కలిపారు. వన్నాక్రై రకం వైరస్ అక్కణ్ణుంచి విండోస్ 7 ఉన్న మిగతా యంత్రాలకు పాకింది. ఉత్పత్తి కొన్ని రోజులు దెబ్బతింది, ఆ త్రైమాసికం ఆదాయంలో సుమారు 3 శాతం మీద ప్రభావం ఉంటుందని కంపెనీయే మొదట ప్రకటించింది. బయటి నుంచి వచ్చిన యంత్రాన్ని యంత్రంగానే చూశారు.

విండోస్ లేని పరికరాలకు కూడా నెట్‌వర్క్ దారి ఉంది. పరికరాలను కంప్యూటర్ నుంచి నడిపే స్కీపీ కమాండ్‌ల భాష 1990లో వచ్చింది, అప్పుడు పరికరానికీ కంప్యూటర్‌కీ మధ్య ఉన్నది రెండు మీటర్ల జీపీఐబీ కేబుల్. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అనే ఆలోచనకే అక్కడ చోటు లేదు, గదిలోకి రానిస్తే పరికరం ముట్టుకోనిచ్చినట్టే. అదే భాష తర్వాత ఈథర్‌నెట్ మీదికి వచ్చింది. చాలా పరికరాలు 5025 పోర్టులో ఎవరు అడిగినా జవాబిస్తాయి, ట్రేస్ (కొలిచిన గీత) పంపమంటే పంపుతాయి, స్క్రీన్ బొమ్మ ఇమ్మంటే ఇస్తాయి. ఎన్‌క్రిప్షన్, గుర్తింపు తనిఖీ ఉన్న హైస్లిప్ అనే నెట్‌వర్క్ పద్ధతి 2.0 వెర్షన్ 2020లో గానీ రాలేదు, ఈలోపు అమ్ముడుపోయిన పరికరాలకు అది అందదు. అందుకే ల్యాబ్ పరికరాలను ఆఫీసు నెట్‌వర్క్‌కి కలపకుండా వేరే నెట్‌వర్క్‌లో ఉంచడం మంచి అలవాటు మాత్రమే అని వదిలేయడానికి లేదు, పాత పరికరాలకు ఉన్న రక్షణ దాదాపు అదొక్కటే.

హైదరాబాద్, విశాఖ ల్యాబ్‌లకు దీనితో పని

తెలుగు నేల మీద ఈ విషయం పుస్తకాల్లో చదువుకునేది కాదు. హైదరాబాద్‌లో డీఎల్ఆర్ఎల్, రీసెర్చ్ సెంటర్ ఇమారత్, బీడీఎల్, ఈసీఐఎల్, విశాఖలో ఎన్ఎస్‌టీఎల్ లాంటి రక్షణ, ఎలక్ట్రానిక్స్ సంస్థలు, వీటికి విడిభాగాలు చేసిచ్చే చిన్న కంపెనీలు ఎన్నో ఉన్నాయి. పెద్ద సంస్థలకు సొంత నియమాలుంటాయి. చిన్న కంపెనీ పరిస్థితి వేరు. కోటి రూపాయల ఎనలైజర్ కొనలేక నెలకింత అని అద్దెకు తెచ్చుకుంటుంది, పని అయ్యాక వెనక్కి పంపుతుంది, ఆ పరికరం మరుసటి వారం ఇంకో కంపెనీ బెంచీ మీద ఉంటుంది. పాత పరికరాలు సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతుంటాయి, సర్వీస్‌కి విదేశాలకు వెళ్లేవీ ఉంటాయి.

పారేసే దారి కూడా మారింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వేస్ట్ నియమాలు ప్రయోగశాల పరికరాలను కూడా తమ జాబితాలో చేర్చాయి, కాబట్టి పాడైన స్కోప్ రిజిస్టర్ అయిన రీసైక్లర్ దగ్గరికే వెళ్లాలి. పర్యావరణానికి అది మంచిదే. అయితే ఆ రసీదు సాక్ష్యం చెప్పేది పరికరం సరైన చోటికి చేరిందని, లోపలి ఫ్లాష్ ఖాళీగా వెళ్లిందని కాదు. చెరిపినట్టు రికార్డు విడిగా ఉండాలి, ఏ మెమరీని ఏ పద్ధతిలో ఎవరు ఎప్పుడు చెరిపారో సీరియల్ నంబర్‌తో సహా.

ఆచరణలో నిలబడేవి

ఇప్పటిదాకా బాగా పనిచేసిన పద్ధతి తీసి పెట్టుకునే డ్రైవ్. కొన్ని కంపెనీలు తమ పెద్ద పరికరాలకు దీన్ని ఆప్షన్‌గా అమ్ముతాయి. రెండు డ్రైవ్‌లు కొంటారు, ఒకటి ప్రాజెక్ట్ పనికి, రెండోది కాలిబ్రేషన్‌కి పంపేటప్పుడు పెట్టడానికి. ప్రాజెక్ట్ డ్రైవ్ ఎప్పుడూ ల్యాబ్ బీరువా దాటదు. అయితే కొన్ని మోడళ్లలో అలైన్‌మెంట్ డేటా (పరికరం తనను తాను సరిచేసుకున్న విలువలు) డ్రైవ్ మీదే ఉంటుంది, కాబట్టి డ్రైవ్ మార్చిన ప్రతిసారీ పరికరం వేడెక్కాక అలైన్‌మెంట్ మళ్లీ నడపాలి. కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఏ డ్రైవ్ ఉండగా ఇచ్చారన్న ప్రశ్న కూడా వస్తుంది. దీన్ని సర్వీస్ సెంటర్‌తో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

రెండో దారి, అసలు లోపల సేవ్ కానివ్వకపోవడం. సేవ్ చేసేవన్నీ నమోదైన పెన్‌డ్రైవ్‌కో, షేర్డ్ ఫోల్డర్‌కో పంపేలా అలవాటు చేసుకుంటే తర్వాత చెరపాల్సింది తగ్గుతుంది. పెన్‌డ్రైవ్ అంటేనే భయపడే చోట ఇది కుదరదు, అక్కడ యూఎస్‌బీ పోర్టులను పాస్‌వర్డ్‌తో మూసే సౌకర్యం చూసుకోవాలి. టెక్‌ట్రానిక్స్ 5 సిరీస్ స్కోప్‌లకు అలాంటి ఆప్షన్ విడిగా దొరుకుతుంది, ఫర్మ్‌వేర్ మార్పిడికి కూడా అదే తాళం వేస్తుంది. ఎన్‌క్రిప్ట్ అయిన డ్రైవ్ ఉంటే ఇంకా నయం, కీ చెరిపేస్తే మిగిలిన బిట్‌లు ఎక్కడ దాక్కున్నా అర్థం లేని చెత్తే. కానీ ఎన్‌క్రిప్షన్ మొదటిరోజే ఆన్ అయి ఉండాలి, మధ్యలో ఆన్ చేస్తే అంతకుముందు రాసిన బ్లాక్‌లు ఎక్కడో ఒకచోట మామూలుగానే మిగిలి ఉండొచ్చు.

కాలిబ్రేషన్ విలువలకు కూడా రక్షణ కావాలి, అది చాలామంది మర్చిపోయే వైపు. బెంచ్ మల్టీమీటర్లలో కాలిబ్రేషన్‌ను కాపాడే కోడ్ ఉంటుంది, ఫ్యాక్టరీ నుంచి వచ్చే మొదటి కోడ్ మాన్యువల్‌లోనే అచ్చువేసి ఉంటుంది. 34401ఏ అనే మల్టీమీటర్‌కి అది అందరికీ తెలిసిన కోడ్. దాన్ని మార్చకపోతే ఎవరైనా ముందు ప్యానెల్ నుంచే తలుపు తెరిచి విలువలు మార్చేయొచ్చు, మీటర్ మామూలుగానే చూపిస్తూ ఉంటుంది, చూపించేది తప్పని వచ్చే ఏడాది కాలిబ్రేషన్ దాకా తెలియదు. పరికరానికి బాధ్యులైన వాళ్లు కోడ్ మార్చి, కొత్తది కవర్‌లో పెట్టి సీల్ చేసి దాచడం పది నిమిషాల పని. మీటర్ లోపల ఇప్పటిదాకా ఎన్నిసార్లు కాలిబ్రేషన్ జరిగిందో చూపించే కౌంటర్ కూడా ఉంటుంది, అది యూజర్ సున్నా చేయలేనిది. పరికరం బయటికి వెళ్లే ముందు ఆ అంకె, తిరిగొచ్చాక ఆ అంకె గేట్ పాస్ మీద పక్కపక్కన రాసుకుంటే మధ్యలో ఎవరైనా ముట్టుకున్నారో లేదో అక్కడే తెలిసిపోతుంది.